బాలింత ఇంటి కప్పు

కదిరికి పడమటగా ఉన్న ఆ పల్లెలో బయమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. మొగుడు పోయాక ఇరవై ఏళ్లు వేరుశనగ చేలల్లో కూలి చేసి కొడుకును పెంచిన మనిషి. ఎన్ని కోపాలు పడిందో లెక్కలేదు గానీ, అసలు కోపమంటే ఏమిటో ఆమెకు తెలిసింది 2003 వేసవి గాలి తర్వాతే.

మే నెల సాయంత్రం ఎర్రగా లేచింది సుడిగాలి. వాన నాలుగు చుక్కలే. గాలి మాత్రం పావుగంటలో ఊరి కొట్టాల మీది బోదగడ్డి కప్పులన్నీ పీకి చేలల్లో పారేసింది. బయమ్మ కోడలు భారతి తొమ్మిది రోజుల బాలింత. బిడ్డ మీద గంప బోర్లించి, ఆ గంప మీద తాను వంగి కూర్చుని ప్రాణాలు కాపాడుకొచ్చింది బయమ్మ.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. గాలికి పోయినా, నిప్పుకు పోయినా, బాలింత ఉన్న ఇంటికే ముందు కప్పు పడాలి. తెల్లారగానే ఎవరూ పిలవకుండా అందరూ వచ్చారు. కరీం సాబ్ తాళ్లు తెచ్చాడు. పక్కింటి తిప్పయ్య తన కొట్టానికని కోసి దాచుకున్న బోదనంతా మోసుకొచ్చి పడేశాడు.

"నీ ఇంటి సంగతేందప్పా?" అంది బయమ్మ.

"నాకేమిలే అక్కా, చుక్కలు చూసుకుంటా పండుకుంటా. పసిబిడ్డకు ఎండ తగలగూడదు."

పొద్దుగూకేలోపు కప్పు పడింది.

మూడో రోజు నష్టం రాసుకునే సారు జీపు దిగాడు. కప్పు లేచిపోయిన ఇళ్లకు సర్కారు రేకులిస్తుందట. బయమ్మ వాకిట్లో నిలబడి పైకి చూశాడు.

"ఈ ఇంటికి కప్పుంది. నష్టం లేదు," అని కాగితం మీద గీత గీశాడు.

"మొన్న లేచిపోయింది సార్! నిన్న వీళ్లంతా కలిసి కట్టినారు. అడుగు ఎవుర్నన్నా!"

"నేను కంటితో చూసిందే రాస్తా. కావాలంటే కప్పు పీకేయండి, రాసుకుంటా."

సిగ్గుండాలి కదా మనిషన్నాక! ఊరు ఊరంతా సాక్ష్యం నిలబడి ఉంటే, ఆ మహానుభావుడి కంటికి గడ్డి ఒక్కటే కనబడింది.

"దానిదేముందక్కా, పీకి మళ్లా కట్టుకుందాం," అంటూ తిప్పయ్య నిచ్చెనెక్కాడు. ముందురోజు కప్పు కట్టేటప్పుడు బోద గీరుకుని చీరుకుపోయిన చేతులతోనే ముడి విప్పబోయాడు. అది చూసేసరికి బయమ్మకు ఒళ్లు మండిపోయింది.

"దిగు తిప్పయ్యా! ఆ ముడి ముట్టుకున్నావంటే నా మీద ఒట్టే!" అని అరిచి, సారు వైపు తిరిగింది. "కొట్టేసుకో సామీ నా పేరు. మనిషికి మనిషి సాయం చేసేది తప్పని నీ కాగితంలో రాసిండాదేమో, మా ఊర్లో మాత్రం లేదు."

సారు నిజంగానే కొట్టేశాడు. నెల తిరక్కుండా ఊరందరికీ రేకులొచ్చాయి, ఒక్క బయమ్మకు తప్ప. తన వాటిలో సగం ఇస్తానని వచ్చిన తిప్పయ్యను ఆమె తిట్టి పంపింది.

మరుసటేడు అలాంటి గాలే పక్కూరి మీద పడింది. పొద్దున్నే బోద మోపు నెత్తికెత్తుకుని వెళ్లింది బయమ్మ. ఆ ఊళ్లో ఒక్కరూ కప్పులు కట్టడం లేదు. మొండి గోడల మధ్య హేమావతి అనే పచ్చి బాలింత, బిడ్డ మొహం మీద కొంగు కప్పి ఎండలో కూర్చుని ఉంది. బయమ్మ మోపు దించబోతే ఆ పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దత్తా, నీకు పుణ్యముంటాది. మీ ఇంటికి జరిగింది మాకు తెలుసు. సారొచ్చి చూసిపోయేదాకా ఎవురూ ముట్టుకోగూడదు."

"ఎప్పుడొస్తాడే ఆ సారు?"

"సోమారమంట."

ఆ రోజు గురువారం. తన పేరు కొట్టేసిన నాడు కంట తడి పెట్టని బయమ్మ, ఆ వాకిట్లో నిలబడి కోపంతో ఏడ్చింది.