‘ఏమీ కాదు, నొక్కేయండి’ అని నేను రాసిన పాపం

మన సంగతులు మన ఇంట్లోవాళ్ళకంటే మన ఫోనుకే ఎక్కువ తెలుసని ఇప్పుడు బడికెళ్ళే పిల్లల్ని అడిగినా చెబుతారు. ఆ రోజుల్లో నాకు తెలియదు. పైగా నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునేదాన్ని! అమెరికాలోని ప్లేనోకి వచ్చి రెండేళ్ళు. పెళ్ళి కాలేదు, సాయంత్రాలన్నీ ఖాళీ. అందుకని కొత్తగా అమెరికాలో దిగే తెలుగువాళ్ళ కోసం ఒక బ్లాగు మొదలుపెట్టాను. పోపు వేయగానే గోల పెట్టే పొగ అలారం నోరు ఎలా మూయించాలి, చలికాలంలో పెరుగు ఎలా తోడుపెట్టాలి, ఇలాంటి లోకోపకారపు విషయాలు. అన్నిటికంటే పేరొచ్చింది మాత్రం నేను డ్రైవింగ్ టెస్టులో మూడుసార్లు ఎలా తప్పానో మూడు భాగాలుగా రాసిన కథ. (నాలుగోసారి పాసయ్యానని కూడా రాశాను. దానికి ఒక్క కామెంటూ రాలేదు.)

రాయడం బాగానే ఉండేది కానీ ఎవరు చదువుతున్నారో తెలియక ఒకటే దురద. సరిగ్గా అప్పుడే ఒక ప్రకటనల కంపెనీవాళ్ళు మెయిల్ పెట్టారు. వాళ్ళిచ్చే చిన్న కోడ్ ముక్కని నా బ్లాగులో అతికిస్తే చాలట, పేజీ పక్కన ప్రకటనలు వాటంతటవే వస్తాయట, నాకు డబ్బులిస్తారట. నా వీసా మీద పై సంపాదన కుదరదని చెప్పాను. వెంటనే వాళ్ళ తరఫున ఫోన్ చేసినాయన గొంతు ఎంత తియ్యగా ఉందంటే, ఆయనకి తేనెగొంతు అని పేరు పెట్టుకున్నాను. “డబ్బు వద్దా? పోనీ లెండి. మీ పాఠకులు ఏ ఊరివాళ్ళో, ఏ పేజీ ఎంతసేపు చదివారో పటం మీద చూపిస్తాం, అది పూర్తిగా ఉచితం,” అన్నాడు. డబ్బుకి లొంగనిదాన్ని, పటానికి లొంగిపోయాను.

ఒకటే షరతు. బ్లాగు తెరవగానే ఒక పెట్టె వస్తుంది, పాఠకులు అందులో ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కాలి. ఆ పెట్టెలోని ఇంగ్లీషు గజం పొడుగుంది. నేనే పూర్తిగా చదవలేదు, ఇంక మావాళ్ళేం చదువుతారని దాని పైన తెలుగులో ఒక వాక్యం చేర్చాను: “అక్కలూ, అన్నలూ, ఇదేదో ఫార్మాలిటీ. ఏమీ కాదు, నొక్కేయండి.” అందరూ నొక్కేశారు. మర్నాటికల్లా పటం మీద చుక్కలే చుక్కలు! ఐసెలిన్‌లో ఒక గుంపు, చాండ్లర్‌లో ఒక గుంపు. అన్నిటికంటే ముద్దొచ్చింది మా ప్లేనోలోనే ఉన్న ఒక చుక్క. ఎవరో గానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పొద్దున పదకొండింటికి నా డ్రైవింగ్ కథ మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు. నా శైలికి పడిపోయిన అభిమాని అనుకుని ఆఫీసులో కాలు నేల మీద ఆనకుండా తిరిగాను.

మా అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో కరీంనగర్ వదిన ఉండేది. చుట్టరికం ఏమీ లేదు. మొదటి వారం నాకు జ్వరమొస్తే చారు పట్టుకొచ్చింది, అప్పట్నుంచి వదిన. వాళ్ళాయన్ని నేను ఎదురుగా అన్నయ్యా అనీ, చాటుగా సేఫ్టీ అన్నయ్య అనీ పిలిచేదాన్ని. మంచివాడే, కానీ ఆయన లెక్కలో ఏదీ సేఫ్ కాదు. వదిన డ్రైవింగ్ అసలే సేఫ్ కాదు. మూడేళ్ళుగా వదిన ఎక్కడికెళ్ళాలన్నా ఆయన దింపాలి, ఆయనే తీసుకురావాలి. “కరివేపాకు రెబ్బ గావాలన్నా శనివారం దాంక ఆగాలె,” అని ఒకసారి నవ్వుతూ అంది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనాలు. నేను, అన్నయ్య ఆఫీసు స్నేహితుడు ఒకాయన, ఆయన కుటుంబం. తమ పాప పుట్టినరోజు ఫొటోలు చూపిద్దామని అన్నయ్య ఇంట్లో అందరూ వాడే లాప్‌టాప్‌ని టీవీకి తగిలించాడు. ఏదో పేజీ తెరిచాడో లేదో, టీవీ నిండా ఒక డ్రైవింగ్ స్కూల్ ప్రకటన. ‘మొదటి రోడ్ టెస్టంటే భయమా?’ అది మూస్తే ఇంకొకటి. ‘ఆడవాళ్ళకి ఆడ టీచర్లు!’

“ఇదేంది? వారం సంది ఇవే వస్తున్నయ్,” అన్నాడు అన్నయ్య. “పదేండ్ల సంది నడుపుతున్న, నాకు నేర్పుతరంట!”

స్నేహితుడు ఆవకాయ కలుపుకుంటూ, “ఊరికే రావు బ్రో. ఇంట్లో ఎవరో ఏదో సైట్‌లో డ్రైవింగ్ గురించి చదివుంటారు. అక్కడ ట్రాక్ చేసి ఇక్కడ యాడ్ వేస్తారు,” అని వివరించాడు.

నా నోట్లో ముద్ద ఆగిపోయింది. పదకొండింటి అభిమాని! ఆ చుక్క నా శైలికి పడింది కాదు, మొగుడు ఆఫీసుకీ పాప బడికీ వెళ్ళాక చాటుగా నా డ్రైవింగ్ కథ చదువుకుంటున్న మా వదిన. ఆమె గుట్టుని ఆమె ఇంటి టీవీ మీదే చాటింపు వేయించింది నేను. “అది వైరస్ అన్నయ్యా, నేను తీసేస్తాను,” అని లేవబోయాను. (టెస్టర్నై ఉండి నేనాడిన అతి సిగ్గులేని అబద్ధం అదే.)

వదిన గరిటె గిన్నెలో పెట్టింది. “వైరస్ లేదు, ఏం లేదు. నేనే చదివిన. నెల సంది ఒక టీచర్ దగ్గర నేర్చుకుంటున్న. శుక్రవారం టెస్టుంది.”

“నేను లేనా దింపనీకి? ఎక్కడికి పోవాలె, చెప్పు!”

“అదే. నీకు చెప్పకుంట పోవాలె.”

అన్నయ్య మొహం ఎర్రబడింది. “ఏమన్నయితే?” అన్నాడు మెల్లగా. “నీకేమన్నయితే అని నువ్వొచ్చేదాంక నేను రోజూ ఆగుతలేనా?” అంది వదిన, అని అందరికీ పెరుగు వడ్డించింది.

గిన్నెలు కడిగేటప్పుడు క్షమించమని అడిగాను. వదిన నన్ను తిట్టలేదు. “ఆ డబ్బా జూసి ఫస్టు భయమయింది. ఏం కాదని నువ్వే రాసినవ్ గదా, నొక్కిన,” అంది అంతే. రెండు చెంపలూ వాయించినా అంత మంట పుట్టేది కాదు.

సోమవారం తేనెగొంతుకి నేనే ఫోన్ చేశాను. కోడ్ పీకేస్తున్నాను, నా పాఠకుల గురించి మీరు పోగేసిందంతా చెరిపేయండి అన్నాను. “వాళ్ళే ఒప్పుకున్నారు కదా?” అన్నాడు.

“వాళ్ళు మీకు ఒప్పుకోలేదండీ, నా మాటకి ఒప్పుకున్నారు. నన్ను నమ్మి గుమ్మంలోకి వచ్చినవాళ్ళ వెనక మనిషిని పంపడానికి మీరెవరు? పంపనివ్వడానికి నేనెవర్ని?”

“మీ పటం కూడా పోతుంది మరి,” అన్నాడు, గొంతులో తేనె కొంచెం తగ్గింది.

“పోనీండి!” అని పెట్టేశాను. భలే హాయిగా అనిపించింది. ఆ రోజే బ్లాగులో రాశాను: “ఏమీ కాదని రాశాను. అయింది. తప్పు నాది.” అప్పట్నుంచి ఎంత పెద్ద కంపెనీ అడిగినా నా సమాధానం ఒకటే, కుదరదు. ఈ కాలంలో ఇలా అయితే ఎదగలేవు అక్కా అని ఆఫీసు కుర్రకారు జాలి పడతారు. ఎదగనులే నాయనా, నా ఎత్తు నాకు సరిపోయింది.

శుక్రవారం వదిన టెస్టు తప్పింది. రెండోసారికి అన్నయ్యే పక్కన కూర్చుని ప్రాక్టీస్ చేయించాడు, దారంతా కేకలేస్తూనే. పాసయింది.

తరవాత ఒక మంగళవారం నేను ఇంటినుంచి పనిచేస్తూ కిటికీలోంచి చూస్తే వదిన కారు బయటికి వెళ్తోంది. పక్క సీట్లో ఎవరూ లేరు. పాటేదో పెట్టుకున్నట్టుంది, తల ఊపుతోంది. ఎక్కడికెళ్తోందో ఫోన్ చేసి అడుగుదామని చెయ్యి లాగింది. అన్నీ తెలుసుకోవాలని తహతహలాడి పటానికి లొంగిన నన్ను నేనే తలుచుకుని నవ్వుకున్నాను. ఫోన్ బల్ల మీద పెట్టేసి, కారు మలుపు తిరిగేదాకా చూశాను. ఎడమకి తిరిగింది. కరివేపాకు దొరికే కొట్టు కుడివైపు.