మా అన్నయ్య ముక్కు

సాయంత్రం ఆరు కొట్టేసరికి మా ఇంట్లో ఊదే కార్యక్రమం ఉండేది. ఇప్పుడు లేదు. ఊదమనే మనిషి, మా అన్నయ్య, పోయి నాలుగు నెలలైంది.

కనబడిన ప్రతిదాన్నీ వాసన చూడటం ఆయన అలవాటు. ముప్పై ఏళ్ళు సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసి మంచిచెడ్డలు చెప్పే ఉద్యోగం చేశాడు. రిటైరయ్యాక సబ్బుల్ని వదిలేసి లోకం మీద పడ్డాడు. గొడుగు కొన్నా వాసన చూడాల్సిందే. డాక్టరు గుండె పరీక్ష చేయబోతే ముందు ఆ స్టెతస్కోపు గొట్టాన్ని వాసన చూశాడు!

మా ఆయన ప్రభుత్వ కార్యాలయంలో రహస్య మ్యాపులుండే గదికి బాధ్యులు. తాగుడు అంటుకుంది. ఓ రోజు తాగి స్కూటరుతో గోడను గుద్దారు. గుద్దడానికి ఊళ్ళో ఇంకే గోడా లేనట్టు, పోలీసు స్టేషన్ గోడే దొరికింది. కేసైంది. ఆస్పత్రిలో చేరి మానేశారు. ఇంటికొచ్చిన రోజు నుంచే అన్నయ్య హాజరు.

"బావా, ఊదు."

"నేనేమన్నా బూరనా, బావా?"

"ఊదు."

ఆయన ఊదేవారు. అన్నయ్య కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, "పాస్!" అనేవాడు. ఇక తొమ్మిదింటిదాకా పక్కనే కూలబడి సబ్బుల కబుర్లు. ఓసారి నేను కూర మాడ్చేస్తే "ఆహా, ఏం ఘుమఘుమ!" అన్నాడు. ఏడిపిస్తున్నాడని రెండు రోజులు మాట్లాడలేదు.

ఏడాది దాటాక మా ఆయనకు ఆ గది కోసం ఇచ్చిన భద్రతా అనుమతి మీద విచారణ వచ్చింది. అది రద్దయితే గది తాళాలతో పాటు ఉద్యోగమూ పోతుంది. బంధువుల్ని కూడా అడుగుతారని తెలిసి ఆయన అన్నయ్యను పట్టుకున్నారు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. తాగుడు ఊసెత్తకు."

"విచారణ ఫారంలో ఏం రాశావు?"

"ఇంకా రాయలేదు."

"గోడతో సహా రాయి. తాగి మానేసినవాణ్ణి క్షమిస్తారేమో గానీ, దాచినవాడికి తాళాలెవడిస్తాడు?"

ఆయన తిట్టుకుంటూనే అంతా రాశారు.

అధికారి వచ్చారు. అన్నయ్య ఆయన గుర్తింపు కార్డు తీసుకుని, వాసన చూసి, తిరిగిచ్చాడు. మా ఆయన్ని బయట కూర్చోమన్నారు. నేను వంటింట్లోంచి చెవులు రిక్కించాను.

"రోజూ వాసన చూస్తారట. ఒక్కసారైనా అనుమానం వచ్చిందా?"

అన్నయ్య గొంతు తగ్గించాడు. "అబద్ధం ఎందుకు సార్, నా ముక్కు పనిచేయక ఆరేళ్ళైంది. సబ్బులు తినేశాయి."

"మరి ఊదమనడం ఎందుకు?"

"ఊరికే వచ్చి కూర్చుంటే జాలిపడుతున్నానని మా బావ కుంగిపోతాడు. ఊదమంటే నన్ను తిట్టుకుంటూ కూర్చుంటాడు. తాగే వేళ దాటిపోతుంది. ఏడాదిగా ఆ మూడు గంటలూ వాడు గడప దాటలేదు. దానికి నా కళ్ళు సాక్ష్యం, అవి బాగానే ఉన్నాయి. ముక్కు సంగతి మాత్రం వాడికి చెప్పకండి."

అధికారి నవ్వాపుకోలేక దగ్గారు. ఆస్పత్రి కాగితాలూ, ఫారంలో గోడా అన్నీ చూసి, రెండు నెలల తర్వాత అనుమతి కొనసాగించారు. ముక్కు సంగతి నేనూ ఇవాళ్టిదాకా మా ఆయనకు చెప్పలేదు. రహస్యాలు దాచే అనుమతి నాకూ వచ్చినట్టే.

నిన్న సాయంత్రం ఆరింటికి ఆయన వరండాలో ఒక్కరే కూర్చుని వీధికేసి చూస్తున్నారు. ఇస్త్రీ చేయాల్సిన బట్టల్ని కుప్పగా వదిలేసి దగ్గరికెళ్ళాను.

"అదేంటి, రేపు నలిగిన చొక్కాతో పంపిస్తావా ఆఫీసుకి?"

"నలిగిన చొక్కాల మీద విచారణ లేదులెండి. కాస్త జరగండి."