సారమ్మ బూచులు

సారమ్మ ముగ్గురు కొడుకులకూ బూచుల పేరు చెప్పే అన్నం తినిపించింది. చిన్నవాడికి పిల్లల్ని గోనెసంచిలో వేసుకుపోయే బైరాగి. పోలీసు పేరు చెప్పి పెంచిన నడిపివాడు పెద్దయ్యాక పోలీసుల్లోనే చేరాడు. "చూసిన్రా, నా బూచే వానికి నౌకరి ఇప్పించింది," అని నవ్వేది.

మైసూరు రాష్ట్రం కర్ణాటక అయిన ఏడాది, చిన్నకొడుకు జీవరాజ్ కూతురు దయ కోసం ఆమె కొత్త బూచిని తయారుచేసింది. సూదమ్మ. తెల్లచీర, చేతిలో బారెడు సూది. "తింటవా, సూదమ్మను పిలువాల్నా?" అంటే చాలు, మూడేళ్ల పిల్ల గుటుక్కున మింగేది.

కోడలు హేబ్సిబా బీదరులో ఒక బళ్లో సైన్సు చెప్పేది. సూదమ్మ పేరు విన్నప్పుడల్లా ఆమెకు పిల్ల మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న చిన్న గ్రంథులు కళ్లముందు మెదిలేవి. భయమేస్తే అవి రక్తంలోకి రసాలు వదులుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి చస్తుంది. ఎప్పుడో ఒకసారైతే సరే. పూటపూటా ఇదే అయితే?

"భయపెడితే లోపల ఏవేవో రసాలు ఊరుతయి అత్తమ్మా."

"ఊరనియ్యే, రొట్టె జల్ది అరుగుతది."

అంతలో పక్కింట్లోకి కరుణమ్మ అనే నర్సు అద్దెకు వచ్చింది. తెల్లచీరలో ఆమెను చూడగానే దయ మంచం కింద దూరింది. ఇక వాకిట్లోకి రాలేదు. ముద్ద బుగ్గలోనే ఉండిపోయేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. నాయనమ్మ పక్కన తప్ప పడుకోని పిల్ల ఇప్పుడు ఆమె దగ్గరకే పోనంది. "నువ్వు ఆమెను పిలుస్తవు."

సారమ్మ ఆ పూట రొట్టె ముట్టలేదు. "ఎట్ల జేద్దామే?" అని కోడలిని అడిగింది.

గ్రంథులు ఎలా ఉలిక్కిపడతాయో హేబ్సిబా చదివింది గానీ వాటిని ఊరుకోబెట్టే పాఠం ఆమెకెవరూ చెప్పలేదు. "నిజం చెప్పున్రి," అంది, తనకే నమ్మకం లేకుండా.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక సారమ్మ, దయ దూరిన మంచం ముందు నేల మీద చతికిలబడింది. "సూదమ్మ లేదు బిడ్డా. నువ్వు తినాల్నని నేనే అబద్ధమాడిన. గోనెసంచి బైరాగి గూడ అబద్ధమే."

"బైరాగి లేడా?" గుమ్మంలోంచి జీవరాజ్ అరిచాడు. "గిప్పుడా చెప్పేది? గోనెసంచోడు ఎదురొస్తె నేను ఇప్పటికీ సైకిల్ మలుపుకుంటనే అమ్మా!"

మంచం కింద కిసుక్కుమంది. కాసేపటికి తల బయటికొచ్చింది.

సాయంత్రం కరుణమ్మ తన వాకిట్లో పూల చీర కట్టుకుని, తల విరబోసుకుని దువ్వుకుంటోంది. దయ గడప దాటకుండానే అడిగింది. "సూది ఏది?"

సూదీ లేదు, ఏమీ లేదని అనబోతున్న సారమ్మను హేబ్సిబా గిల్లింది.

"ఆసుపత్రిలనే పెట్టొచ్చిన," అంది కరుణమ్మ. "ఇంటికి దెచ్చి ఏం జేసుకోను?"

దయ గడప దాటి ఒక మెట్టు దిగింది.

పక్క ఆరడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. హేబ్సిబా రోజూ పొద్దున్నే బొంత తడిమి చూసేది. ఒక మధ్యాహ్నం దయ ఆ బొంతనే ఈడ్చుకుంటూ వచ్చి సారమ్మ పక్కన పరిచింది.

"జరుగు," అంది.

సారమ్మ గోడకు అతుక్కుపోయేదాకా జరిగింది.