రెండుకీ మూడుకీ మధ్య

మా అమ్మాయి నా నలభై ఒకటో ఏట పుట్టింది, పెళ్ళయిన పధ్నాలుగేళ్ళకు. అందుకని రెండేళ్ళు దాటేదాకా ఇంట్లో ఎవరం దాన్ని గట్టిగా ఒక మాట అనలేదు. రెండేళ్ళ నాలుగు నెలలు వచ్చేసరికి అది నేను, మా ఆవిడ, మా అమ్మ, ముగ్గురిలో ఎవరి మాటా వినడం మానేసింది.

ఒక రోజు లెక్క వేశాను. పొద్దున ముఖం కడిగినప్పటి నుంచి సాయంత్రం దీపం పెట్టేదాకా "ఒద్దు" అన్నది నలభై మూడు సార్లు. నేల మీద పడి కాళ్ళు కొట్టుకున్నది ఆరు సార్లు. కొరికింది మూడు సార్లు, వాళ్ళమ్మను రెండు, నన్ను ఒకటి. గిన్నె విసిరింది రెండు. ఇదంతా తలుపు వెనక సుద్దముక్కతో గీతలు గీశాను, బస్తాలు లెక్కబెట్టేటప్పుడు గీసినట్టే, నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత.

మా ఆవిడ తలుపు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"దాన్ని పట్టుకోవయ్యా అంటే గీతలు గీస్తా కూర్చున్నావా?"

నాకు వేరే ఏం చేతనవును? బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. చిరిగిపోయిన ఎక్కాల పుస్తకం ఒకటి దొరికితే పావు, అర, ముప్పావు ఎక్కాలన్నీ నాకు నేనే బట్టీ పట్టాను. ఊళ్ళో ఎవరి కళ్ళంలో కాటా పెట్టినా తూకం చూడ్డానికి నన్నే పిలిచేవారు. యాభై మిరప టిక్కీల, అంటే బస్తాల, తూకం కాగితం లేకుండా కూడి చెప్పేవాణ్ణి. అలాంటివాడికి మూరెడు పిల్ల లొంగకపోతే ఎంత కడుపుమంటగా ఉంటుందో చెప్పలేను.

ఎనభైల నడిమధ్య సంవత్సరాలవి. ఎకరన్నర కౌలుకు తీసుకుని మిరప వేశాం. కాయలు ఇంటి ముందే ఆరబోసుకున్నాం. కళ్ళమంతా ఎర్రగా పరిచి ఉంటే, మా ఆవిడ ఒక మూల కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరేది. పిల్లకేమో ఆ కాయల్లోకే పోవాలి. కాయ తుంచి, అదే చేత్తో కళ్ళు నులుముకుంటే ఏమవుతుందో దానికి చెప్పి లాభం లేదు. ఒకసారి అయింది. కుండలో నీళ్ళు సగం అయ్యేదాకా కళ్ళు కడిగాం. మర్నాడు మళ్ళీ అక్కడికే పోయింది.

అందుకని సున్నంతో నేల మీద ఒక గీత గీశాను. మా గడప నుంచి నా అడుగులు పదకొండు, దాని అడుగులు ముప్పై ఒకటి. గీత దగ్గర కూర్చోబెట్టి చెప్పాను.

"ఇది దాటావంటే మూడు లెక్కపెడతా. మూడు అనేలోపు వెనక్కి రావాలి. రాకపోతే ఎత్తుకెళ్ళి లోపల కూర్చోబెడతా."

"ఒద్దు," అంది.

మా దగ్గర తూకం లెక్కలో మొదటిది ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. పిల్లకూ అలాగే మొదలుపెట్టాను. లాభం అంటే నా వైపు చూసేది. రెండు అంటే కాలు ఇంకొంచెం ముందుకు పెట్టేది. మూడు అంటే లేవాలి, ఎత్తుకోవాలి, అది గుక్కపట్టి ఏడవాలి, మా అమ్మ లోపల్నుంచి బెల్లంముక్క పట్టుకుని రావాలి. ఇదంతా తలుచుకుంటే నీరసం వచ్చేది. అందుకని మూడుకు ముందు కొంచెం ఆగేవాణ్ణి. ఊరికే ఆగితే బాగుండదు కదా, నోటికి అలవాటైన లెక్కే వచ్చేది.

"రెండుంబావు... రెండున్నర... రెండుముప్పావు..."

ముప్పావు దాటితే పరక ఉంది, పావులో సగం. అదీ అనేవాణ్ణి. ఈలోగా అది కాయల మధ్యలో ఉండేది.

ఆదివారం ప్రార్థనలో కూడా ఇంతే. పాస్టరుగారు వాక్యం చెబుతుంటే చాప మీద బోర్లా పడి గొంతు చించుకుంది. నేను చెవిలో మెల్లగా లెక్క మొదలుపెట్టి రెండున్నర దగ్గర ఉన్నాను. ముందు వరుసలో ఉన్న పెద్దామె వెనక్కి తిరిగి, "బయటికన్నా తీసుకుపో నాయనా, లేకపోతే నువ్వన్నా నోరు మూసుకో," అంది. బయటికి తెచ్చాక వేపచెట్టు కింద హాయిగా ఆడుకుంది.

ఆ సాయంత్రమే మా ఆవిడ తేల్చి చెప్పింది.

"ఇదిగో, ఇంకొక్కసారి అది కాయల్లోకి పోయి కళ్ళు మంటెక్కించుకుందంటే, కాయలన్నీ అమ్ముడయ్యేదాకా దాన్ని తీసుకుని మా అమ్మావాళ్ళింటికి వాడరేవు పోతా. నువ్వూ మీ అమ్మా ఏరుకోండి తాలుకాయలు."

ఉత్త బెదిరింపు కాదు, ఆమె అలాంటి మాటలు ఊరికే అనదు. పధ్నాలుగేళ్ళు ఎదురు చూసి కన్న పిల్ల. దాన్ని కాపాడలేక రెండు నెలలు పంపించేయడమంటే తండ్రిగా నేను చేతులెత్తేసినట్టే. ఊళ్ళో అందరి తూకాలూ సరిచేసేవాణ్ణి, నా ఇంట్లో గీత నిలబెట్టలేకపోయాననిపించుకోవాలి.

నాలుగు రోజులకు కాటా వచ్చింది. మొదటి కోత కాయలు ఇరవై రెండు టిక్కీలు తూచాలి, రెండో కోతవి ఇంకా కళ్ళంలో ఆరుతున్నాయి. హమాలీలు ఇద్దరు ఎత్తి పెడుతున్నారు. పదకొండో టిక్కీ కాటా మీద ఉంది. పిల్ల గీత మీద నిలబడి నన్నే చూస్తూ ఒక కాలు ఆవల పెట్టింది.

"లాభం," అన్నాను.

కాలు అక్కడే ఉంది.

"రెండు. రెండుంబావు. చూడమ్మా, రెండున్నర. రెండుముప్పావు..."

పెద్ద హమాలీ టిక్కీ మీద చెయ్యి ఆనించి పకపకా నవ్వాడు.

"ఏందయ్యో! మా దగ్గర కాటా పావుకిలో మొగ్గినా ఒప్పుకోవు గదా, ఆ బుడ్డదానికి ఇన్ని మొగ్గులేందయ్యా?"

రెండోవాడు అందుకున్నాడు. "దానికి తెలిసిపోయిందిరా. ఈయన దగ్గర మూడు లేదు."

నేను కాటా ముల్లు వైపు చూసి మళ్ళీ తిరిగేసరికి పిల్ల కాయల్లో పరుగెత్తుతోంది. పడింది. రెండు గుప్పిళ్ళూ కళ్ళకు పెట్టుకుంది. ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నీళ్ళు పోస్తుంటే తల అటూ ఇటూ కొట్టుకుంది. ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. గంటకు తడిగుడ్డ కింద కళ్ళు తెరిచింది. ఎర్రగా ఉన్నా చూపు బాగానే ఉంది. మా ఆవిడ మంచం కింది నుంచి రేకుపెట్టె లాగింది.

"ఒక్క వారం ఇవ్వు," అన్నాను.

"వారమా? నీ వారం ఎన్ని రోజులు? వారంబావా, వారంన్నరా?"

పెట్టెలో పిల్ల గౌన్లు సర్దుతూనే మళ్ళీ అంది. "మూడు రోజులు. మూడంటే మూడే. పెట్టె ఇక్కడే ఉంటది."

మొదటి రోజు లాభం, రెండు, మూడు అన్నాను, లేచి ఎత్తుకొచ్చి లోపల గోడవారగా కూర్చోబెట్టాను, పక్కనే కూర్చున్నాను. మణికట్టు కొరికింది. పైపళ్ళ గుర్తులు నాలుగు, కిందివి నాలుగు. మా అమ్మ బెల్లం తెచ్చింది.

"అమ్మా, అది లోపల పెట్టు."

"పసిదిరా! నిన్ను నేను ఇట్టా పెంచానా?"

"లోపల పెట్టమన్నానా?"

మా అమ్మ బెల్లంముక్క తన నోట్లోనే వేసుకుని, ఆ పూట అన్నం తినకుండా పడుకుంది. నాకు ఒకరు కాదు, ఇద్దరు అలిగినవాళ్ళు తయారయ్యారు. ఆ రోజు గీత దాటింది పధ్నాలుగు సార్లు.

రెండో రోజు పంతొమ్మిది. తప్పు లెక్కేమోనని తలుపు మీది గీతలు మళ్ళీ లెక్కబెట్టాను. పంతొమ్మిదే. పంతొమ్మిది సార్లు లేచి, ఎత్తి, కూర్చోబెట్టి, అరుపులు విని, మళ్ళీ వదిలాను. కాయలు తిరగెయ్యలేదు, పొలానికి పోలేదు, నా ఒళ్ళంతా దాని చీమిడి. ఇంత చేస్తే పెరుగుతుందా? ఏ లెక్కలోనూ ఇలా జరగదు. ఒక చెంపదెబ్బతో అయిపోతుంది కదా అని చెయ్యి లేచింది. అది కళ్ళు మూసుకుని తల పక్కకు తిప్పుకుంది. చెయ్యి దించి బయటికి పోయి గోడకేసి గుద్దాను.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఎనిమిదిసార్లే అయింది. మా ఆవిడ తాలు ఏరుతూ తల ఎత్తకుండానే అంతా చూస్తోంది. పిల్ల గీత దగ్గరికి వచ్చింది. నా వైపు చూసి కాలు ఆవల పెట్టింది.

"లాభం."

కదల్లేదు.

"రెండు."

రెండుంబావు గొంతు దాకా వచ్చింది. మింగాను.

"మూడు."

అప్పుడు తీసింది కాలు వెనక్కి. మూడు అన్నాక. వీసం ఆలస్యంగా. వెనక్కి వచ్చి, రెండు కాళ్ళూ దగ్గరపెట్టి, నేనేం చేస్తానా అని చూస్తోంది.

లేచాను.

"వచ్చింది కదయ్యా!" మా ఆవిడ చేటలో కాయలు వదిలేసి అరిచింది. "వెనక్కొచ్చింది, వదిలెయ్యి!"

"మూడు అన్నాక వచ్చింది."

"ఒక్క అడుగే కదా!"

"మూడంటే మూడే అన్నావు నువ్వు."

ఎత్తుకున్నాను. అన్యాయం జరిగినట్టు అంతకు ముందెప్పుడూ లేనంత గట్టిగా ఏడ్చింది. నిజంగానే కొంచెం అన్యాయం జరిగిందేమో, నాకు తెలియదు. గోడవారగా కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. ఈసారి కొరకలేదు. ఏడ్చి ఏడ్చి, ఎక్కిళ్ళు పెడుతూ నా తొడ మీద తల ఆనించి నిద్రపోయింది.

మా ఆవిడ లోపలికి వచ్చింది. నా వైపు కోపంగా చూసింది. రేకుపెట్టె మూత తెరిచి, గౌన్లు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది. ఏడు గౌన్లు. పెట్టెను కాలితో మంచం కిందికి తోసి, మళ్ళీ కాయల దగ్గరికి పోయింది.

మర్నాడు గీత దాటింది పదకొండు సార్లు.