గోల్డ్ వద్దన్న పెళ్ళికొడుకు

మా అత్తారి తరఫువాళ్ళు నన్ను ఇప్పటికీ "పొగ అల్లుడు" అంటారు. ఆ బిరుదు ఎలా వచ్చిందో చెబితే నా పరువు పోతుంది. అయినా చెబుతాను, ఇంకా మిగిలిందేముంది గనక!

అప్పట్లో మా దీవిలోని డాలీగంజ్‌లో మా ముందుగదిలో ఆరు గ్రాఫిక్స్ కార్డులు ఇనుప చట్రానికి బిగించి, ఆ రిగ్గుతో క్రిప్టో మైనింగ్‌కి దిగాను. అవి లెక్కలు చేస్తూ ఉంటే నాకు కాయిన్లు రాలతాయన్నమాట. వాటికి కరెంటు అందించే పవర్ సప్లై ఒక్కటే కొనాలి. శనివారం షాదీపూర్ నుంచి పిల్లనిచ్చేవాళ్ళు వస్తున్నారు. పిల్ల రూతు మా చర్చి క్వయర్లో పాడుతుంది. ఆమెను తప్ప ఇంకెవరినీ చేసుకోనని ఇంట్లో మొండికేశాను. వాళ్ళ నాన్న కరెంటు లైన్‌మ్యాన్. ఆయన వచ్చేసరికి నా బిజినెస్ గిర్రున తిరుగుతూ కనిపించాలి.

కంప్యూటర్ షాపతను మంచివాడే. "ఏడొందల యాభై వాట్లవి రెండు తీస్కో భాయ్. గోల్డ్ రేటింగ్, కరెంటు వేస్ట్ చెయ్యవు. ఒక్కోదానికి మూడు కార్డులు పెట్టు, పక్కా చలేగా" అన్నాడు.

పక్కనే రెండు వేల వాట్లని స్టిక్కరున్న పెట్టె, సగం ధరకే!

"తక్కువ వాట్లకి ఎక్కువ రేటా? నేను టూరిస్టులా కనిపిస్తున్నానా భయ్యా?"

"అరే, స్టిక్కర్ కా క్యా భరోసా? దాన్నేం నమ్ముతాం?"

నాకు పాఠాలా? మా చర్చి సౌండ్ సిస్టమ్ చూసేవాణ్ణి నేనే. స్పీకరు కొనడంలో మా పద్ధతి ఒకటే: స్టిక్కరు మీద అంకె చూడు, ఎత్తి బరువు చూడు, కొనెయ్యి. ఈ పెట్టె ఎత్తితే భుజం జారింది. "ఇదీ సరుకంటే!" అనుకుని, గోల్డ్ వద్దని చంకలో పెట్టుకొచ్చాను.

శనివారం మా పాస్టరుగారితో సహా అందరూ కూర్చున్నారు. రిగ్గు ఆన్ చేశాను. ఆరు కార్డులూ కందిరీగల్లా రొద పెట్టాయి.

"ఏటి బాబూ ఇది?" అన్నారు లైన్‌మ్యాన్‌గారు.

"బిజినెస్ అండీ."

"లోడెంత?"

"రెండు వేలున్నా తట్టుకుంటాదండీ!"

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ యవ్వనస్థుని చేతిపనిని వెలిగించుము..."

ఆయన ఆమేన్ అనేలోపే వెలిగింది. ఢమ్మని నీలం మంట, ఫ్యాన్లు బంద్, గదంతా పొగ. పిండికొద్దీ రొట్టె అంటారు, నాకు మాత్రం స్టిక్కరు కొద్దీ పొగ. మా అమ్మ "యేసయ్యా!" అంది. నా పెళ్ళి అయిపోయిందనుకున్నాను, అంటే జరగకుండానే.

లైన్‌మ్యాన్‌గారు మెయిన్ ఆపి, పెట్టె చల్లారాక మూత విప్పారు. అగ్గిపెట్టెంత సర్క్యూటు. మిగతా చోటంతా బరువు కోసం పోసిన సిమెంటు దిమ్మ.

"దీన్ని పవర్ సప్లై అనరు బాబూ, ఇటుక సప్లై అంటారు" అన్నారాయన. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు రూతు వాళ్ళ నాన్న వైపు తిరిగి నవ్వింది. "ఒప్పేస్కో పాపా. ఈయనకి పెళ్ళాం కంటే ముందు లైన్‌మ్యాన్ మామయ్య కావాలి."

ఆయన ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద.

ఒట్టు పెట్టుకోవద్దని మా బైబిలు వాక్యంలో ఉంది. అందుకని మామయ్యగారి టెస్టరు మీద చెయ్యేసి, ఆయన షరతునే నా ప్రతిజ్ఞగా ప్రకటిస్తున్నాను: ఆయన పక్కన లేకుండా కరెంటుకు సంబంధించినదేదీ కొనను, ముట్టను, కనీసం ఫ్యూజు కూడా వెయ్యను. మొన్న ఫ్యూజు పోయింది. మామయ్యగారు డ్యూటీ మీద రంగత్ వెళ్ళారు, సోమవారం గానీ రారు. ఈ నాలుగు ముక్కలూ చెమటలు తుడుచుకుంటూ రాశాను, పక్కన రూతు విసనకర్రతో తనకి మాత్రమే విసురుకుంటోంది.