వాడు పాతిన గూటాలు

చదువుకునే రోజుల్లో, పెద్దయ్యాక ఏం పని చేయాలన్నది నాకు ఒక్కసారి కూడా సొంతంగా తోచలేదు. వాడికి ఏది తోస్తే అదే నాకూ కావాల్సి వచ్చేది. వాడంటే మా ఊరి మిషను బడి పంతులుగారి రెండో కొడుకు. నాకూ వాడికీ ఒకటే ఈడు. నకరికల్లు పక్కనున్న మా ఊరి నుంచి ఆ ఏడు నరసరావుపేట హైస్కూలుకు వెళ్ళింది మేమిద్దరమే. నేను పేటలో పిన్నమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి, వాడు హాస్టల్లో ఉండేవాడు. క్లాసులో మాత్రం ఒకే బెంచీ.

వాడు ఒకప్పుడు కాంపౌండరు అవుతానన్నాడు. ఆ ఆదివారమే నేను ఇంటికెళ్ళి నాన్నతో కాంపౌండర్ని అవుతానన్నాను. "ఇంత పొలం పెట్టుకొని ఊళ్ళోవాళ్ళ పుండ్లు కడుగుతావంట్రా?" అని నాన్న పడీ పడీ నవ్వాడు. తర్వాత వాడికి టైపు మీద మనసు పోయింది. హాస్టలుకు పోయే దారిలో ఉన్న ఇన్‌స్టిట్యూటు కిటికీ దగ్గర నిలబడి ఆ మిషన్ల వైపు అదేపనిగా చూసేవాడు. ఫీజు కట్టే స్తోమతు వాడికి లేదు. నాకుంది గనక వెళ్ళి చేరాను. నెల తిరిగేసరికి వాడు టైపు సంగతే మరిచిపోయాడు, నాకా మిషను చప్పుడు వింటే తలనొప్పి వచ్చేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పొరుగువాడి ఆకలి కూడా రుచిగానే ఉండేది.

వాడిదేమంత గొప్ప తెలివి కాదని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. మార్కుల్లో ఒక్కోసారి నాదే పైచేయి. నా ఏడుపు మార్కుల గురించి కాదు. ఏదైనా పని నచ్చిందంటే వాడికి అన్నం వేళ కూడా గుర్తుండేది కాదు. నాకు అన్నం వేళ ఎప్పుడూ గుర్తుండేది. అంత ఇష్టం పుట్టే పని ఒక్కటైనా నాకెందుకు లేదని లోపల్లోపల కుళ్ళిపోయేవాణ్ణి.

మేం ఎస్సెల్సీ పరీక్షలు రాసి వచ్చిన వేసవిలో సాగరు కాలువ సర్వే మా ఊరి మీదికి వచ్చింది. నాన్న పెద్ద రైతు, పంచాయతీలో ఆయన మాటకు ఎదురులేదు. ఊరికి ఏ అధికారి వచ్చినా బస మా ఇంట్లోనే. ఓవర్సీరుగారు మా వసారాలో మంచం వేయించుకుని దిగారు. నేల కొలిచే గొలుసు లాగడానికీ కర్ర పట్టుకోవడానికీ ఊళ్ళో కుర్రాళ్ళను కూలికి పెట్టుకుంటుంటే మొదటిరోజే వాడు వెళ్ళి చేరాడు. నేనూ పోతానంటే నాన్న కస్సుమన్నాడు.

"మనింట్లో తినే ఆయన కింద నువ్వు కూలికి పోతావా? ఊళ్ళో నన్ను తలెత్తుకోనియ్యవా ఏంది?"

దాంతో నాకు దక్కిన ఉద్యోగం, మధ్యాహ్నం పూట ఓవర్సీరుగారికి ఇత్తడి క్యారేజీలో అన్నం మోసుకెళ్ళడం. అది కూలి కాదట, మర్యాదట.

మూడు కాళ్ళ మీద నిలబెట్టిన దుర్బిణిలోంచి ఓవర్సీరుగారు చూసేవారు. దూరంగా వాడు అంకెలు వేసిన పొడుగాటి కర్రను నిలువుగా పట్టుకునేవాడు. దుర్బిణిలో కనిపించే అంకెను బట్టి ఆ నేల ఎంత ఎత్తులో ఉందో తేలుతుంది. లెక్కకు సరిపడే ఎత్తున్న చోట్లు వెతుక్కుంటూ గూటాలు పాతుకుంటూ పోతే అదే కాలువ దారి. ఇదంతా నాకు చెప్పింది ఓవర్సీరుగారు కాదు, వాడే. వారం తిరిగేసరికి వాడు నేల వైపు చూసే తీరు మారిపోయింది.

"ఒరేయ్, మీ తూరుపు చేను సమంగా ఉందనుకుంటన్నావా? ఈ మూలకీ ఆ మూలకీ మూడడుగులు వాలుంది" అన్నాడు ఒకరోజు.

మా చేను గురించి వాడు నాకు చెప్పడం! నడక వచ్చినప్పటి నుంచీ ఆ చేలో తిరిగినవాణ్ణి నేను. ఇంటికొచ్చేటప్పుడు కావాలని ఆ చేలోంచే నడిచాను. ఎంత చూసినా నాకు ఏ వాలూ కనిపించలేదు.

ఓవర్సీరుగారిని బతిమాలి నేనూ ఒకసారి దుర్బిణిలో చూశాను. అందులో అన్నీ తలకిందులుగా కనిపించాయి. తుమ్మచెట్టు తలకిందులు, కర్ర తలకిందులు, దాన్ని పట్టుకున్న వాడు కాళ్ళు పైకి పెట్టి వేలాడుతున్నాడు. వాణ్ణి అలా చూస్తే నాకు భలే సంతోషమేసింది. అంకె ఎంత అని ఓవర్సీరుగారు అడిగితే మాత్రం చెప్పలేకపోయాను. తర్వాత వాణ్ణి పిలిచి చూడమన్నారు. వాడు కన్ను ఆనించీ ఆనించగానే ఆ తలకిందుల అంకెలను గబగబా చదివేశాడు. "వీడికి కన్నుందయ్యా" అన్నారు ఓవర్సీరుగారు, మా అమ్మ పంపిన గుత్తివంకాయ కూర కలుపుకుంటూ. ఆ రోజు నుంచి వాడి మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

నడివేసవిలో ఓవర్సీరుగారికి వడదెబ్బ తగిలి మంచం పట్టారు. పని ఆగడానికి వీల్లేదు. ఊరికి ఉత్తరాన మా మెట్టచేల పక్క నుంచి పోయే ముక్కను వాణ్ణే మట్టం చూసి గూటాలు పాతమన్నారు. "ఇది సరిగ్గా చేశావంటే ఓవర్సీరు చదువుకు నేనే కాగితం రాసిస్తాను, మా పెద్ద ఇంజనీరుగారికి కూడా చెబుతాను" అన్నారు. వాడు మెట్ల కింద నిలబడి విన్నాడు. మా ఇంట్లో వాడు మెట్లెక్కేవాడు కాదు, ఎక్కమని ఎవరూ అనేవారు కాదు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఇల్లు మాది, వసారా మాది, ఆయన పడుకున్న మంచం మాది. కాగితం మాత్రం వాడిది.

ఒక్కరోజులో వాడు పద్నాలుగు గూటాలు పాతాడు. సాయంత్రం నాన్న వెళ్ళి చూసి వచ్చాడు, వెంట నేనూ వెళ్ళాను. గూటాల వరస మా పైచేనుకు దిగువగా పోతోంది. కాలువకు ఎగువనున్న నేలకు నీళ్ళు ఎక్కవు. అంటే మా పైచేను ఎప్పటికీ జొన్నకూ వరిగకూ తప్ప పనికిరాదు. అన్నం దగ్గర నాన్న బాబాయితో అన్నాడు:

"ఆ గూటాలు కాస్త పైగట్టు మీదికి జరిపితే సరిపోద్ది. గూటం ఎక్కడుంటే కాలవ అక్కడికి రాక ఏడకి పోద్ది?"

మా వాళ్ళు అప్పటిదాకా కాలువ ముఖం ఎరగరు. వాళ్ళకు తెలిసిందల్లా గట్టురాయి. రాయి ఎక్కడుంటే పొలం అక్కడిదాకా. రాత్రికి రాత్రి జరిగిన గట్టురాళ్ళ మీద తలకాయలు పగిలిన ఊళ్ళు మావి. కాలువ గూటాన్ని కూడా వాళ్ళు అదే లెక్కలో వేశారు. నీళ్ళు గూటం మాట వినవు, మట్టం మాటే వింటాయని చెప్పగలిగినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. వాడి దగ్గర నేర్చుకున్న ఆ ఒక్క ముక్కనూ అన్నంతో పాటు మింగి ఊరుకున్నాను.

తెల్లవారుతుండగానే మా పాలేరు గునపం పట్టుకెళ్ళి ఆరు గూటాలు పీకి, నలభై గజాలు ఎగువన పాతి, పాత గుంటలు పూడ్చి వచ్చాడు.

ఆ పూటే ఓవర్సీరుగారు ఓపిక తెచ్చుకుని లేచారు. నేను క్యారేజీతో వెళ్ళేసరికి ఆయన ముఖం జేవురించి ఉంది. "మట్టాలు రాసిన పుస్తకంలో అంకెలు సరిగ్గానే ఉన్నాయి. గూటాలేమో కొండెక్కి కూర్చున్నాయి. చూసిందొక చోటు, పాతిందొక చోటూనా?" అంటున్నారు. వాడు ఆ పుస్తకం పట్టుకుని గూటం నుంచి గూటానికి పరుగెత్తుతున్నాడు. ఒక్కోదాని దగ్గరా ఆగి అంకె మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాడు.

నేను నిలబడిన చోట కాలి కింద నేల మెత్తగా తగిలింది. చుట్టూ గట్టి సుద్దనేల, అక్కడ మాత్రం బెత్తెడు మేర కొత్తమట్టి. పూడ్చిన గుంట అది. ఎవరు పీకారో చెప్పనక్కర్లేదు. "ఇదేంటి సార్?" అంటే చాలు. వాడు నేల చూసుకుంటూ నా వైపే వస్తున్నాడు. నేను క్యారేజీ తీసి సరిగ్గా ఆ కొత్తమట్టి మీద పెట్టి, "అన్నం చల్లారిపోతుంది సార్" అన్నాను.

నాన్న పరువు కోసం అలా చేశానని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. ఆ నిమిషంలో నాన్న నాకు గుర్తే లేడు. వాడు ఓడిపోతే చూడాలనిపించింది, చూశాను.

ఓవర్సీరుగారు వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. "కన్నుంటే చాలదురా, చెయ్యి కూడా నిలకడగా ఉండాలి. రేపటి నుంచి రాకు" అన్నారు. ఆ సాయంత్రం గాలీవానా వచ్చి పాత గుంటలూ కొత్త గుంటలూ ఏకం చేసింది. మర్నాడు ఆయన మళ్ళీ మట్టం చూసి, జరిగిన ఆరింటినీ దిగువకు పాతించారు. మొదటి చోట్లు తెలిసినవాణ్ణి గనక వెనకాలే నడిచి చూశాను. బెత్తెడు తేడా లేదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ నిజం దేవుడితో పాటు నాకూ తెలుసు. నాన్న మాత్రం "చూశాం, కుదరలా, మనకి పోయిందేముంది?" అని తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

పోకపోగా నాకు కలిసొచ్చింది. వెళ్ళిపోయే రోజు ఓవర్సీరుగారు నాన్నతో, "మీ అబ్బాయి అంత ఎండలోనూ ఒక్కపూట తప్పకుండా వచ్చాడు. ఓర్పున్నవాడు. ఓవర్సీరు చదువుకు పంపండి" అని ఆ కాగితమేదో నాకు రాసిచ్చారు. అన్నం మోసినందుకు! నేను రెండు చేతులా అందుకున్నాను. వాడు ఆ ఏడే టీచరు ట్రైనింగులో చేరాడు.

చదువుకున్నన్నాళ్ళూ నాకు జీతమెంత వస్తుంది, హోదా ఏముంటుంది, పైన ఏం ముడుతుంది అని చెప్పినవాళ్ళే గానీ, నీకు ఏ పనిలో పొద్దు తెలియదురా అని అడిగినవాళ్ళు లేరు. అడిగినా నా దగ్గర జవాబు లేదు. తప్పు రాకుండా మట్టం చూడటం నేర్చుకున్నాను. ఇష్టంగా చూడటం మాత్రం పట్టుబడలేదు. సెలవుల్లో ఇంటికొస్తే వాడి కబుర్లే వినిపించేవి. పక్క పల్లెలో ఒక్క పంతులే ఉన్న బడి అట, పిల్లలు ఆదివారం కూడా వచ్చి కూర్చుంటున్నారట. వింటుంటే ఒళ్ళు మండేది. గెలిచింది నేను కదా, మరి ఏడుపు కూడా నాకేనా?

కాలువకు నీళ్ళు వదిలే నాటికి నేను ఆ ముక్క మీదే ఓవర్సీరును. మొదటి నీళ్ళు వస్తున్నాయని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ గట్టు మీదికి వచ్చాయి. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పట్టుకొచ్చారు. వాడు తన బడి పిల్లల్ని వరసగా నడిపించుకొచ్చాడు. పదిమంది ముందు "నమస్కారమండీ ఓవర్సీరుగారూ" అన్నాడు. బురదరంగు నీళ్ళు చెత్తను తోసుకుంటూ మెల్లగా వచ్చేసరికి జనమంతా వాటి వెంట పరుగెత్తారు, పిల్లలూ పరుగెత్తారు. గట్టు మీద మేమిద్దరమే మిగిలాం.

"ఒరేయ్, ఇక్కడేగా నేను తప్పు పాతింది?" అన్నాడు.

"ఏంది?"

"అదేరా, ఆ గూటాలు. ఇన్నేళ్ళయినా నాకు అంతు చిక్కలా. పుస్తకంలో సరిగ్గా రాసి నేల మీద ఎట్టా తప్పానంటావు? నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందనుకో. ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా మా ఆడమనిషినే కొట్టమంటా." అని నవ్వాడు.

అప్పటిదాకా నేను వాడి కాగితం ఒక్కటే దొంగిలించాననుకున్నాను. గూటాలు ఎవరో జరిపి ఉంటారన్న అనుమానం వాడికి ఒక్కరోజు కూడా రాలేదు. వాడిలో ఓర్వలేనితనం లేదు గనక ఇంకొకడిలో ఉంటుందని తట్టలేదేమో. ఇన్నేళ్ళూ తప్పంతా తనదేనని మోస్తూ తిరిగాడు.

చెప్పేశాను. నాన్న మాట, పాలేరు గునపం, ఆరు గుంటలు, చివరికి నేను క్యారేజీ ఎక్కడ పెట్టానో అది కూడా. చెంప పగలగొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

వాడు మలుపు దాకా వేలితో లెక్కపెట్టుకుంటూ అడిగాడు.

"ఆరేనా?"

"ఆరే."

"మిగతా ఎనిమిది?"

"నువ్వు పాతిన చోటే ఉన్నయ్. ఆ ఆరు కూడా మళ్ళీ నీ చోట్లోకే వచ్చినయ్. బెత్తెడు తేడా లేదు."

"అయితే నేను తప్పు చూళ్ళేదన్నమాట!"

అంతే. నన్ను తిట్టాలన్న సంగతే వాడికి గుర్తుకు రాలేదు. పంచె ఎగ్గట్టి గట్టు దిగి, "ఒరేయ్, అందరూ ఇటు రండి! ఈ కాలవకి దారి చూసింది మీ పంతులేరా! ఇదిగో, ఇక్కడి నుంచి ఆ మలుపు దాకా!" అని కేకలేస్తూ పిల్లల వెంటపడ్డాడు. పిల్లలు గుమిగూడారు. వాడు నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని నేల ఎట్టా వాలిందో చేత్తో చూపిస్తున్నాడు. ఆ కాలువ మీద ఉద్యోగం నాది. దాన్ని చూసి అంత సంతోషం నాకు ఒక్కరోజు కూడా కలగలేదు. క్షమించమని అడగాల్సిన ఆ ఘడియలో, గట్టు మీద నిలబడి, వాణ్ణి చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను.