మైకు మొగులయ్య పిలిచిన జనం

పటాన్‌చెరు నుంచి రుద్రారం దాకా హైవే పక్కన కాపురముండే వాళ్లలో మొగులయ్య గొంతు వినని వాళ్లు ఉండరు. చీరల సేల్ అయినా, కరెంటు కోత అయినా, తప్పిపోయిన బర్రె అయినా లోకానికి తెలియజేయవలసింది ఆయనే. ఆటో మీద రెండు లౌడ్‌స్పీకర్లు, సీటు కింద బ్యాటరీ, ఎడమ చేతిలో మైకు. అంతకుముందు కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక ఈ ఆటో కొన్నాడు. బాయిలర్ల చప్పుడులో అరిచి అరిచి గొంతు పెరిగిందని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. ఇప్పుడు ఆ గొంతు వినపడటం లేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను, సంతోషంగా మాత్రం రాయడం లేదు.

నేను హైవే పక్కన ఉన్న ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మా యాజమాన్యానికి రంగుల బ్రోచర్ మీద ఉన్న ప్రేమ పిల్లల మీద ఉండదు. ఆ బ్రోచర్‌లో ఫొటో కోసమే బాస్కెట్‌బాల్ కోర్టు వేయించారు. వ్యాయామం నేర్పే అరుణ మేడమ్ దాన్ని నిజమనుకుని, పిల్లలను పోగుచేసి, ఎండలో నిలబెట్టి జట్టు తయారుచేసింది. పిల్లలు బాగా ఆడేవారు. చూసే దిక్కే లేదు. మ్యాచ్ ఉందంటే మా లెక్చరర్లు కూడా ఇంటికి తొందరగా వెళ్లొచ్చని సంతోషించేవారు.

ఒకసారి టోర్నమెంటు మా దగ్గర పెట్టినప్పుడు అరుణ మేడమ్ మొగులయ్యను మైకుతో సహా పిలిపించింది. అతిథులకు స్వాగతం చెప్పి ఆయన కోర్టు చుట్టూ చూశాడు. మెట్ల మీద పిల్లల సంచులు, వాచ్‌మన్, నేను. అంతే.

"గింత మంచి ఆటకు జనం లేకపోవుడేంది సారూ? పెండ్లి పందిరేసి సుట్టాలను పిలువనట్టున్నది," అన్నాడు.

ఆ రోజు పని అయిపోయినా వెళ్లలేదు. చివరిదాకా కూర్చుని చూశాడు. ఆ పూట రేఖ ఆట చూసినవాళ్లెవరైనా కూర్చునేవారే. కంది అవతల పల్లె నుంచి బస్సులో వచ్చే పిల్ల. తల్లి పోశమ్మ పొలం పనులు తగ్గాక కందిలో పెద్ద క్యాంపస్ హాస్టళ్లు ఊడ్చే పనిలో చేరింది. రేఖ సన్నగా, పొడుగ్గా ఉండి, నలుగురి మధ్య నుంచి బంతిని తీసుకుపోతుంటే అడ్డుపడేవాళ్లు చూస్తూ నిలబడిపోవలసిందే.

మరుసటి వారం నుంచి చీరల సేల్ ప్రకటన మధ్యలో మా పిల్లల పేర్లు వినిపించసాగాయి. కంపెనీల షిఫ్టు మారే వేళకు గేటు ముందు ఆటో ఆపి పిలిచేవాడు. "మన కంది రేఖ ఆడుతున్నది! ఆదివారం పొద్దుమీకి! టికెట్ లేదు, జల్దీ రాండ్రి!" తర్వాత అదే మాట హిందీలో, బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన పనివాళ్ల కోసం. ఆటోకు డీజిల్ ఎవరిస్తున్నారని అడిగితే, "మన పిల్లలకు మనం పెట్టుకోమా?" అని నా మీదికే వచ్చాడు.

జనం రావడం మొదలైంది. మందుల కంపెనీల్లో ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు గుంపులుగా వచ్చేవారు. షిఫ్టు దిగిన కుర్రాళ్లు, కిరాయి గదుల్లో ఆదివారం తోచని వాళ్లు వచ్చారు. కానీ వచ్చిన వాళ్లకు ఆట తెలియదు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుని, సగంలో లేచి పోయేవారు. మొగులయ్యకు అది ప్రాణం మీదికి వచ్చినట్టుండేది.

అప్పుడే ఆ మాట పుట్టింది. అవతలి జట్టు పిల్ల బంతి వేసి గురి తప్పగానే మొగులయ్య మైకులో రాగం తీశాడు. "పాయెనా...?"

ఎవరో ఒకామె నవ్వుతూ అంది, "పాయె!"

రెండోసారి పదిమంది అన్నారు. ఆ సాయంత్రానికి మెట్లన్నీ అన్నాయి. ఇంక ఎవరూ మధ్యలో లేచిపోలేదు. మరుసటి వారం ఆ మాట అనడం కోసమే వచ్చారు, పక్కింటివాళ్లను కూడా వెంటబెట్టుకుని. ఊళ్లో టీ గ్లాసు కిందపడినా, బస్సు తప్పిపోయినా "పాయెనా?" అంటే "పాయె!" అనడం అలవాటైంది. మా ప్రిన్సిపాల్ పొంగిపోయి కొత్త బ్రోచర్‌కు జనంతో సహా ఫొటో తీయించాడు.

అరుణ మేడమ్ ఒక్కతే మొహం చిట్లించింది. "అవతల ఆడేది కూడా ఆడపిల్లలే మొగులయ్యా."

"మేడమ్, జనం నవ్వకుంటె నిలవడరు. జెర నిలవడనియ్యుండ్రి, ఆట వాళ్లే నేర్సుకుంటరు."

ఒక మ్యాచ్‌లో జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన పిల్లకు ఫ్రీ త్రో దొరికింది. ఆ సమయంలో అందరూ పక్కకు తప్పుకుంటారు, గీత దగ్గర ఒక్కతే నిలబడి బంతి వేయాలి. ఆ పిల్ల రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ మెట్లు అదిరాయి. ఆట అయ్యాక ఆ పిల్ల తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బస్సెక్కింది. మా వాళ్లు గెలిచారు. రేఖ మాత్రం నేరుగా మొగులయ్య దగ్గరకు వచ్చింది.

"కాకా, ఆ గీత కాడ ఒక్కదాన్ని గట్ల అనొద్దే. ఆడ నిలవడితె ఎట్లుంటదో నీకు తెల్వది."

మొగులయ్య ఆ పిల్ల తల నిమిరాడు. "నిన్నెవ్వలన్న అంటరా బిడ్డా? నువ్వు మన పిల్లవు. వాళ్లందరు నీ కోసమే వస్తుండ్రు."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మాడు. అందుకే ఇప్పటికీ నాకు ఆయన మీద కోపం రాదు, జాలే వస్తుంది.

ఆ ఏడాది కాలేజీల టోర్నమెంటు ఫైనల్ మా కోర్టులోనే జరిగింది. యూనివర్సిటీ జట్టుకు పిల్లలను ఎంపిక చేసేవాళ్లు వస్తారన్నారు. రేఖకు అదే చివరి ఏడాది, ఆ జట్టులో చోటు తప్ప ఆమె వేరే ఏదీ కోరుకోలేదు. మొగులయ్య ముందురోజే కంది దాకా వెళ్లి పోశమ్మను పిలిచాడు. "నీ బిడ్డను ఎంతమంది సూస్తుండ్రో ఒక్కసారి వచ్చి సూడు చెల్లే," అన్నాడట. కూతురి ఆట ఎన్నడూ చూడని పోశమ్మ సెలవు పెట్టి, పండగ చీర కట్టుకుని వచ్చింది. మొగులయ్య ఆమెను మెట్ల మీద మధ్య వరసలో, అందరి నడుమ కూర్చోబెట్టాడు.

ఆట చివరి క్షణాల్లో మా వాళ్లు ఒక్క పాయింటు వెనక ఉన్నారు. బంతితో దూసుకుపోతున్న రేఖను అవతలి పిల్ల తోసింది. రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. ఒకటి పడితే సమానం, రెండూ పడితే కప్పు. రేఖ గీత దగ్గర నిలబడింది. మొగులయ్య మైకు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు.

బంతి బుట్ట ఇనుప కమ్మీకి తగిలి బయటికి పడింది.

వెనక వరసలో ఒక కుర్రాడు అచ్చం మొగులయ్య గొంతుతో రాగం తీశాడు. "పాయెనా...?"

జనం మొత్తం అంది, "పాయె!"

కక్షతో కాదు, అలవాటుతో. అన్నాక వాళ్లకే నవ్వొచ్చింది. ఆ నవ్వు మెట్ల మీద ఆ చివర నుంచి ఈ చివరకు పాకింది. పోశమ్మ కుడి పక్కకు చూసింది, ఎడమ పక్కకు చూసింది. "నా బిడ్డను జూసి ఎందుకు నవ్వుతుండ్రు?" అని పక్కామెను అడిగింది. ఆ ఆడమనిషి నోరు కప్పుకుంది.

అరుణ మేడమ్ మొగులయ్య వైపు తిరిగి, ఏదో ఒకటి చెప్పి ఆపమని చేతులూపింది. ఆయన మైకు తీసుకున్నాడు. నోరు తెరిచాడు. ఏ మాట అంటే జనం ఎలా బదులిస్తారో ఆయనకు తెలుసు, ఏ మాట అంటే ఊరుకుంటారో తెలియదు. రేఖ రెండో బంతి గురి చూడకుండానే వేసింది. అది కమ్మీని కూడా తాకలేదు.

పది రోజుల తర్వాత యూనివర్సిటీ జాబితా వచ్చింది. అందులో రేఖ పేరు ఉంది. ఏడాదంతా ఆడిన ఆటను బట్టే ఎంపిక చేశారట. మేమంతా ఎగిరి గంతేశాం. రేఖ మాత్రం ఆ జట్టు శిక్షణ క్యాంపుకు వెళ్లనంది. అప్పటికే బస్సు ఎక్కితే "పాయెనా?", దిగితే "పాయె!". పేరు తెలియని వాళ్లు కూడా ఆ మాటతోనే గుర్తుపట్టేవారు. పరీక్షలకు తప్ప కాలేజీకి రావడం మానేసింది.

మొగులయ్య షిఫ్టు మారే వేళలకు మళ్లీ ఆటో తీశాడు. "దండం పెడుతున్న, ఆ మాట ఇగ ఎవ్వరు అనొద్దు," అని గేటు గేటుకూ తిరిగాడు. గేట్ల దగ్గర కుర్రాళ్లు "ఏ మాట అన్నా?" అని అడిగి, వాళ్లే నవ్వుతూ అందించేవారు. "పాయె!" అప్పటిదాకా ఆ మాట తెలియని కంపెనీలక్కూడా తెలిసింది. నాలుగో రోజు ఆయన ఆటో మీద నుంచి లౌడ్‌స్పీకర్లు విప్పేశాడు.

తర్వాత నన్ను తోడు తీసుకుని రేఖ వాళ్లింటికి వెళ్లాడు. పోశమ్మ నీళ్లిచ్చింది, కూర్చోమంది. మర్యాదకు ఏ లోటూ చేయలేదు.

"గంతమందిని పిలుసుకొస్తివి అన్నా," అంది. "పిలిసేటప్పుడే ఒక్క మాట చెప్తే అయిపోవు గద, పిల్ల పడితె లేపుండ్రని."

లోపలి నుంచి రేఖ వచ్చి మొగులయ్య పక్కన కూర్చుంది.

"అవతలోళ్లంటె ఓర్సుకుందును కాకా. మనోళ్లే గద," అంది. అంతకు మించి ఆ పిల్ల ఆయనను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే ఆయన కొంచెం కోలుకునేవాడేమో.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. మొగులయ్య ఇప్పుడు ఆ ఆటోలోనే బడిపిల్లలను తిప్పుతున్నాడు. హారన్ కూడా పొదుపుగా కొడతాడు. అరుణ మేడమ్ బయటివాళ్లను రానివ్వడం మానేసింది. జట్టు ఉంది, మెట్లు ఖాళీ. మొగులయ్యను మాత్రం ఆమె ఆపలేదు. ప్రతి మ్యాచ్‌కూ వచ్చి చివర కూర్చుంటాడు. ఏ జట్టు పిల్ల గురి తప్పినా ఒక్కడే చప్పట్లు కొడతాడు. కొత్తగా వచ్చిన పిల్లలు ఆయనకు ఆట తెలియదనుకుని నవ్వుకుంటారు.

మొన్న ఆదివారం మ్యాచ్ నడుస్తుండగా గేటు బయట రేఖ కనిపించింది. కంపెనీ యూనిఫాం, మెడలో గుర్తింపు కార్డు. పాశమైలారంలో ల్యాబ్‌లో పని చేస్తోందని విన్నాం. కంపెనీ బస్సు కోసం నిలబడి, ఇనుప చువ్వల మధ్య నుంచి ఆట చూస్తోంది. మొగులయ్య లేచి గేటు దాకా దాదాపు పరుగెత్తాడు. వెనకాలే నేనూ వెళ్లాను.

"లోపటికి రా బిడ్డా," అన్నాడు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు మళ్లీ అన్నాడు. "భయం లేదు, రా. లోపట ఎవ్వరు లేరు."

రేఖ ఆయన భుజం మీదుగా ఖాళీ మెట్ల వైపు చూసింది.

"ఎంత మంచిగ నింపినవు కాకా అప్పుడు," అంది.

బస్సు వచ్చి హారన్ కొట్టింది. రేఖ ఎక్కి వెళ్లిపోయింది. మొగులయ్య ఆ గేటు పట్టుకుని, ఆట అయిపోయేదాకా రోడ్డు వైపే నిలబడి ఉన్నాడు.